పాతబస్తీ దారికి డబ్బు ఎవరు పెట్టాలి?

హైదరాబాదు పాతబస్తీ: మన జిల్లా పల్లెల నుంచి పట్నం పొలిమేర చేరడం ఈ రోజుల్లో పెద్ద పనేమీ కాదు. ఆమనగల్లులో బస్సెక్కినా, షాద్‌నగర్‌లో ఎక్కినా రోడ్డు బాగానే ఉంది. చాంద్రాయణగుట్ట చౌరస్తా, ఇటు ఆరాంఘర్ చేరిన తర్వాతే అసలు ప్రయాణం మొదలవుతుంది. అక్కడి నుంచి మూసీ ఒడ్డు దాకా ఉన్న కొద్ది కిలోమీటర్లు దాటడానికి పట్టే సమయం ఊరి నుంచి అంత దూరం రావడానికి పట్టిన సమయంతో పోటీ పడుతుంది. పండుగల ముందు, పెళ్లిళ్ల రోజుల్లో అయితే ఇక చెప్పనక్కర లేదు.

పల్లె జనానికి పాతబస్తీతో పని లేని రోజు ఉండదు. ఉస్మానియా దవాఖానా మూసీకి ఆ ఒడ్డున ఉంటే హైకోర్టు ఈ ఒడ్డున ఉంది. పురిటికి పేట్లబుర్జు ప్రసూతి దవాఖానాకు తీసుకువెళ్లాలి. కూరగాయలు మదన్నపేట మండికో, మీరాలం మండికో చేర్చాలి. పెళ్లి బట్టలకు పత్తర్‌గట్టి, గాజులకు లాడ్‌బజారు, కిరాణాకు బేగంబజారు తప్పవు. ఇంతమంది నడిచే దారిని బాగు చేయడానికి పథకాలకు ఏనాడూ కొదవ లేదు. బస్సు పథకం ఉంది, రైలు పథకం ఉంది, మెట్రో పథకం ఉంది. శంకుస్థాపనలు కూడా జరిగాయి. అయినా పనులు ఎందుకు నత్తనడక నడుస్తున్నాయని ఆరా తీస్తే అన్ని కాగితాల్లోనూ ఒక్క మాటే తేలుతుంది. వాటా! నగరపాలక సంస్థ ఎంత పెట్టాలి, రాష్ట్రం ఎంత, కేంద్రం ఎంత, రైల్వే ఎంత? ఒక్క సంచీలోంచి డబ్బు రావలసిన పనులు ఎలాగో పూర్తయ్యాయి. రెండు మూడు సంచుల మూతులు ఒకేసారి విప్పాల్సిన పనులు మాత్రం ఏళ్ల తరబడి నిలిచిపోయాయి.

పాత లెక్క ఒకటి

పాతబస్తీలో రోడ్లు వెడల్పు చేయడం నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలాది ప్రాణాలు పోయాక నగరాన్ని తిరిగి సరిదిద్దే పని పెట్టుకున్నారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు తీయడం, పరిహారం ఇవ్వడం దాని బాధ్యత. ఇప్పుడు మనం బట్టలు కొనే పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరుస ఆ బోర్డు చేతి చలవే. పని చేసేదీ, డబ్బు ఇచ్చేదీ ఒకే సర్కారు కాబట్టి అప్పట్లో వాటాల తగాదా లేదు. ఆ రోజులే మంచివని చెప్పడం మా ఉద్దేశం కాదు. జనాన్ని అడిగే అలవాటు కూడా అప్పుడు లేదు మరి.

బస్సుల సంగతీ అంతే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. రైలూ బస్సూ ఒకే ఇంటి బిడ్డలన్న మాట. రైలు దిగిన వాడికి బస్సు అందాలన్న లెక్క ఒకే కచ్చేరిలో తేలేది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. బస్సు రాష్ట్రానిదైంది, రైలు అప్పటికే కేంద్రానిది, రోడ్డు నగరపాలక సంస్థది. ముగ్గురూ పెద్దవారే. ముగ్గురూ కలిసి కూర్చునే చోటు మాత్రం లేకుండా పోయింది.

పాతబస్తీ కోసం ప్రత్యేకంగా 1981లో కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థను పెట్టారు. పేరు ఘనంగానే ఉంది. అయితే పేరుతో పాటు సొంత రాబడి ఇవ్వలేదు. ఏటా సర్కారు ఇచ్చే గ్రాంటు కోసం చేయి చాచే సంస్థ చిన్న చిన్న రోడ్లు, కమ్యూనిటీ హాళ్లు, మురుగు కాలువలు దాటి పోలేకపోయింది. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి నడిచేవారికి వదిలేద్దామన్న పథకం కూడా చుట్టుదారుల కోసం ఇళ్లు సేకరించే దగ్గర ఏళ్ల పాటు చిక్కుకుంది. చార్మినార్ కింద ఇప్పుడు బస్సులు తిరగడం లేదు, మంచిదే. ఆ బస్సులకు బదులుగా వేయాల్సిన చుట్టుదారులు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

వంతెనలకు అప్పు పుట్టింది

ఇక ఇటీవలి సంగతికి వద్దాం. పాతబస్తీ దక్షిణపు అంచున పూర్తయిన పనులేవని చూస్తే ముందు కనిపించేవి ఫ్లైఓవర్లు. ఒవైసీ కూడలి వద్ద అబ్దుల్ కలాం పేరిట కట్టిన ఫ్లైఓవరు 2021 డిసెంబరులో, బహదూర్‌పురా ఫ్లైఓవరు 2022 ఏప్రిల్‌లో, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు పొడిగింపు 2022 ఆగస్టులో తెరిచారు. ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవున, సుమారు 799 కోట్ల వ్యయంతో కట్టిన పెద్ద ఫ్లైఓవరును 2025 జనవరి 6న ప్రారంభించి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. శంషాబాదు, షాద్‌నగర్ వైపు నుంచి వచ్చే వారికి ఇది నిజంగా ఊరట. శివరాంపల్లి దగ్గర గంటల కొద్దీ ఆగిన రోజులు గుర్తున్నవారికి వేరే చెప్పనక్కర లేదు.

ఇవన్నీ హైదరాబాదు మహానగర పాలక సంస్థ, అంటే జి.హెచ్.ఎం.సి., వ్యూహాత్మక రహదారుల పథకం కింద చేపట్టినవి. డబ్బు ఎక్కడిదంటే ఎక్కువ భాగం అప్పు. 2018 ఫిబ్రవరిలో బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చారు, వడ్డీ 8.90 శాతం. అదే ఏడు ఆగస్టులో 195 కోట్లు, వడ్డీ 9.38 శాతం. 2019 ఆగస్టులో 100 కోట్లు, వడ్డీ 10.23 శాతం. ఒక్కో విడతకూ వడ్డీ పెరుగుతూ పోవడం గమనార్హం. ఇవి కాక స్టేట్ బ్యాంకు నుంచి 2,500 కోట్ల రుణం మంజూరయింది. ఊళ్లో షావుకారు దగ్గర అప్పు చేసిన రైతుకు ఈ లెక్క విప్పి చెప్పాల్సిన పని లేదు. ఏటా కిస్తీ కట్టేది ఇంటి పన్ను కట్టే జనమే.

అప్పు చేసి వంతెన కట్టడం తప్పని ఎవరూ అనరు. ఒక్క విషయం మాత్రం చెప్పుకోవాలి. పై దారిన పోయే బస్సు కింద నిలబడిన వాణ్ణి ఎక్కించుకోదు. బహదూర్‌పురాలో దిగాల్సిన మనిషికీ, కింద బస్తీలో ఉండే కూలివాడికీ కావలసింది బస్సు, నిలబడడానికి ఒక నీడ. వాటికి డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇదే సంస్థ ఏమన్నదో చూడాలి.

బస్సులకు మాత్రం లేదు పొమ్మన్నారు

2019 అక్టోబరు 5న ఆర్.టి.సి. కార్మికులు సమ్మెకు దిగారు. 52 రోజులు సాగిన ఆ సమ్మె మన పల్లెల్లో మరిచిపోయిన వారు లేరు. వ్యాజ్యం హైకోర్టుకు వెళ్లింది. మదీనా పక్కనే ఉన్న ఆ ఎర్రరాతి మేడలో, బస్సులు లేక బోసిపోయిన అఫ్జల్‌గంజ్‌కు కూతవేటు దూరంలో, నగర బస్సుల నష్టం ఎవరు భరించాలన్న లెక్క బయటపడింది.

నగరంలో బస్సులు నడిపితే వచ్చే నష్టాన్ని నగరపాలక సంస్థ భరించాలని ప్రభుత్వం 2015 ప్రాంతంలో చెప్పింది. ఆ మాట మీద జి.హెచ్.ఎం.సి. సుమారు 336 కోట్లు ఇచ్చింది. ఆ తర్వాత ఆపేసింది. తమకు ఇంకా 1,400 కోట్లకు పైబడి రావాలని ఆర్.టి.సి. వైపు వాదన. చట్టం ప్రకారం తాము ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదని, మిగులు ఉన్నప్పుడు ఇచ్చామని, ఇప్పుడు మిగులు లేదని కార్పొరేషను వారు న్యాయస్థానానికి చెప్పారు. ఆర్.టి.సి. తనకు బాకీ ఉందనుకుంటున్న డబ్బును కార్పొరేషను అసలు బాకీయే కాదన్నది. ఇద్దరికీ యజమాని అయిన రాష్ట్ర ప్రభుత్వం మధ్యలో నిలబడి చూసింది.

ఇక్కడే మాకు విడ్డూరంగా తోస్తుంది. బాండ్లు అమ్మి వంతెనలు కడుతున్న ఏడాదే అది. 2019 ఆగస్టులో పది శాతం పైబడిన వడ్డీకి 100 కోట్లు తెచ్చిన సంస్థ, నవంబరు వచ్చేసరికి బస్సులకు మిగులు లేదన్నది. కార్పొరేషను చెప్పినది చట్టరీత్యా సరైనదే కావచ్చు. బండి ఉన్న వాడి దారికి అప్పు పుట్టింది, బండి లేని వాడి బస్సుకు మిగులు కావాలన్నారు. సమ్మె ముగిశాక నష్టాలు తగ్గించే పేరుతో నగరంలో తిరిగే బస్సుల సంఖ్యను బాగా కుదించారు. ఆ దెబ్బ మొదట తగిలింది ఇరుకు దారుల్లో నెమ్మదిగా తిరిగే పాతబస్తీ వంటి చోట్లకే.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. ఆ సున్నా టికెట్ల సొమ్ము రాష్ట్ర ప్రభుత్వం ఆర్.టి.సి.కి ఇస్తుంది. మండికి కూర గంపతో వచ్చే అమ్మకు ఇది రోజుకూలిలో కొంత మిగిల్చిన పథకమే. బస్సులు నిండాయి, జనం వేలాడుతున్నారు. టికెట్టు సొమ్ము తిరిగి ఇవ్వడం ఒక లెక్క, కొత్త బస్సు కొనడం మరో లెక్క. మొదటిదానికి పద్దు దొరికింది.

రైలు ఫలక్‌నుమా దాటడానికి

పాతబస్తీ నడుమ నుంచి రైలుపట్టా పోతోందన్న సంగతి బస్సెక్కే వారిలో చాలామందికి తట్టదు. కాచిగూడ నుంచి మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ మీదుగా ఫలక్‌నుమా దాకా, అక్కడి నుంచి ఉందానగర్, షాద్‌నగర్, మహబూబ్‌నగర్ వైపు పోయే దారి అది. ఒకప్పుడు మీటరు గేజి. ఈ పట్టా మీద నగర రైలు నడిపితే శంషాబాదు నుంచి వచ్చేవారు ఒక్క ఎర్రదీపం దగ్గరా ఆగకుండా యాకుత్‌పురాలో దిగవచ్చు.

2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలయ్యాయి. మొదటి దశ ఖర్చు రాష్ట్రం, రైల్వే చెరి సగం పెట్టుకున్నాయి. ఆ లెక్క సాఫీగానే సాగింది. రైలు ఫలక్‌నుమా దాకా వచ్చి ఆగింది. ముందుకు తీసుకుపోవడానికి రెండో దశ కావాలన్నారు. 2012-13లో 816 కోట్ల పైచిలుకు అంచనాతో అది మంజూరయింది. ఈసారి వాటా మారింది. మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా సుమారు 14 కిలోమీటర్ల రెండో పట్టా, విద్యుత్ తీగలు ఇందులో భాగం.

ఆ తర్వాత కథ మన ఊళ్లో ఉమ్మడి బావి తవ్వకం లాంటిదే. ఒకరు తట్ట దించితే మరొకరు పార దించుతారు. రాష్ట్రం తన వాటా కట్టలేదని రైల్వే పదే పదే చెప్పింది. అంచనా వ్యయం 1,169 కోట్లకు పెరిగింది. పెరిగిన లెక్కలో రాష్ట్ర వాటా దాదాపు 760 కోట్లని, కట్టింది మాత్రం 279 కోట్లని రైల్వే శాఖ లెక్క. చివరికి 2023-24 కేంద్ర బడ్జెట్టులో రైల్వే తన వంతుకు మించి ఈ పథకానికి 600 కోట్లు చూపింది. 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి సికింద్రాబాదులో కొత్త ఎం.ఎం.టి.ఎస్. సర్వీసులకు పచ్చజెండా ఊపారు. ఉందానగర్‌కు నగర రైలు వచ్చింది. మంజూరైన నాటి నుంచి లెక్కిస్తే పదేళ్లు దాటింది. శంషాబాదు విమానాశ్రయం లోపలి దాకా వేయాలనుకున్న ఆరు కిలోమీటర్ల ముక్క ఆ పథకంలోంచి జారిపోయింది.

ఆలస్యానికి చెల్లించిన ధర ఎంతో చూడండి. 816 కోట్లు 1,169 కోట్లు కావడమంటే 350 కోట్లకు పైగా. ఆ తేడా డబ్బులో అదనంగా పట్టా ఒక్క గజం పెరగలేదు.

అయిదున్నర కిలోమీటర్ల మెట్రో

ఇక అన్నిటికంటే పేరుపడ్డ తగాదా మెట్రోది. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టి సంస్థతో ఒప్పందం కుదిరింది. మూడు దారులు, మొత్తం 71 కిలోమీటర్ల పైచిలుకు. రెండో దారి సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషను నుంచి ఫలక్‌నుమా దాకా పోవాలి. కేంద్రం లోటు భర్తీ సాయంగా 1,458 కోట్లు మంజూరు చేసింది, మిగతా పెట్టుబడి కంపెనీది. 2017 నవంబరులో మియాపూర్–నాగోలు మధ్య తొలి రైలు తిరిగింది. 2020 ఫిబ్రవరి 7న రెండో దారి ఇమ్లీబన్‌లోని మహాత్మాగాంధీ బస్ స్టేషను దాకా వచ్చింది. అక్కడితో ఆగింది. మూసీ దాటలేదు.

మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, శంషీర్‌గంజ్, అలియాబాద్‌ల మీదుగా పోవాలి. ఆ దారి తెలిసినవారికి చిక్కు ఏమిటో తెలుసు. పొడవునా ఇళ్లు, దుకాణాలు, మసీదులు, గుళ్లు, అషుర్‌ఖానాలు, చిల్లాలు. దారి మార్చాలని మజ్లిస్ పార్టీ మొదట అభ్యంతరం చెప్పింది. తర్వాత మెట్రో పాతబస్తీకి ఎందుకు రాదని అదే నిలదీసింది. ప్రభుత్వాలు సర్వేలు చేయించాయి. బడ్జెట్టు పద్దుల్లో పాతబస్తీ మెట్రోకు 500 కోట్లు అని చూపించాయి. పద్దులో రాసిన డబ్బు రోడ్డు మీదికి రావడానికి ఎన్ని సంతకాలు కావాలో పంచాయతీ సర్పంచులకు బాగా తెలుసు.

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. అయిదున్నర కిలోమీటర్లకు 2,000 కోట్లు అన్నారు. కొద్ది నెలలకు పథకాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. వ్యయం 2,741 కోట్లయింది. చాంద్రాయణగుట్టలో ఇది నాగోలు నుంచి విమానాశ్రయానికి పోయే దారిని కలుస్తుంది. పథకం అలాగే పూర్తయితే శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్ నుంచి వచ్చే వారికి చాంద్రాయణగుట్టలోనే రైలు అందుతుంది. మన జిల్లాకు ఇందులో ఉన్న అసలు లాభం ఇదే. పాతబస్తీ వారి రైలని పల్లె జనం ఊరుకోవడానికి వీల్లేదు.

ఈసారి వాటాలు ఇలా వేశారు. రెండో దశలో అయిదు దారులు కలిపి 76.4 కిలోమీటర్లు, ఖర్చు 24,269 కోట్లు. అందులో రాష్ట్రం 7,313 కోట్లు, కేంద్రం 4,230 కోట్లు, విదేశీ ఆర్థిక సంస్థల అప్పు 11,693 కోట్లు, మిగిలిన కొద్ది మొత్తం ప్రైవేటు భాగస్వాములది. అంటే సగానికి కాస్త తక్కువ అప్పు. 2024 నవంబరులో ఈ లెక్క కేంద్రానికి వెళ్లింది. కేంద్రం ఊ అంటే తప్ప ఆ అప్పు పుట్టదు. ఒక సంచీ మూతి విప్పితే తప్ప ఇంకో సంచీ తెరుచుకోదన్న మాట.

కేంద్రం జవాబు కోసం కూర్చోకుండా రాష్ట్రం ఇళ్లు, దుకాణాల సేకరణ మొదలుపెట్టడం ఒక మంచి పని. రోడ్డును వంద అడుగులు, స్టేషన్ల దగ్గర నూట ఇరవై అడుగులు చేయడానికి సుమారు 1,100 ఆస్తులు తాకుతాయని గుర్తించారు. చదరపు గజానికి 81,000 రూపాయలు పరిహారంగా నిర్ణయించి 2025 జనవరిలో తొలి చెక్కులు ఇచ్చారు. ఇష్టపడి ఇచ్చినవారూ ఉన్నారు, అది చాలదన్నవారూ ఉన్నారు. మూడు తరాలుగా ఒకే అరుగు మీద వ్యాపారం చేసుకున్న వాడికి గజం లెక్కలో డబ్బిస్తే అరుగు తిరిగి రాదు. అద్దెకున్న చిన్న దుకాణదారు సంగతి ఇంకా కష్టం. వారసత్వ కట్టడాల పక్కన పనుల మీద 2025లో హైకోర్టులో వ్యాజ్యం కూడా నడిచింది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లు స్టేషన్లకు పెట్టినా దారి ఆ రెంటికీ దాదాపు అర కిలోమీటరు దూరంగా పోతుందని మెట్రో అధికారులు చెబుతూ వచ్చారు.

ఇంతలో 2025 సెప్టెంబరులో మరో మలుపు. మొదటి దశ నుంచి తప్పుకోవడానికి ఎల్ అండ్ టి, దాన్ని తీసుకోవడానికి రాష్ట్రం అంగీకారానికి వచ్చాయి. కంపెనీ నెత్తిన ఉన్న సుమారు 13,000 కోట్ల అప్పు రాష్ట్రం తలకెత్తుకోవడం, వాటా కింద సుమారు 2,000 కోట్లు కంపెనీకి ఇవ్వడం ఆ ఒప్పందం సారాంశం. ప్రైవేటు డబ్బుతో నడిచే మెట్రో అని మొదట చెప్పుకున్నది చివరికి ఏ ఖజానా మీదికి వచ్చిందో చెప్పనక్కర లేదు. ఆ ఖజానాలో ధారూరు రైతు కట్టిన డీజిలు పన్నూ ఉంది, యాచారం కూలి కొన్న బీడీ కట్ట పన్నూ ఉంది.

వేరే ఊళ్లలో ఏం చేస్తున్నారు?

వాటా తగాదా మనకొక్కరికే వచ్చింది కాదు. తీర్చుకున్న చోట్లూ ఉన్నాయి. పుణె, పింప్రి–చించ్‌వడ్ రెండు వేర్వేరు కార్పొరేషన్లు. రెండింటికీ కలిపి ఒకే బస్సు సంస్థ. ఆ సంస్థకు వచ్చే లోటును పుణె అరవై పాళ్లు, పింప్రి నలభై పాళ్లు భరించాలని ముందే రాసుకున్నారు. గొడవలు అక్కడా లేకపోలేదు. ఎవరెంత అన్నది మాత్రం కోర్టులో తేల్చాల్సిన అవసరం లేదు. అహమ్మదాబాదులో 1947 నుంచీ నగరపాలక సంస్థే బస్సులు నడుపుతోంది. ఫ్రాన్సు దేశంలో ఇంకో పద్ధతి. పారిస్ ప్రాంతంలో 1971 నుంచి యజమానులు తమ జీతాల పద్దులో కొంత శాతం రవాణా సుంకంగా కట్టాలి. కూలివాడు సమయానికి పనికి రావడం వల్ల లాభం యజమానికే గనుక ఆ దారి ఖర్చులో అతనికీ వాటా ఉండాలన్నది వారి న్యాయం.

మన దగ్గర 2008లో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడే బస్సు, రైలు, రోడ్డు వారిని ఒకచోట కూర్చోబెట్టే ఉమ్మడి రవాణా సంస్థ మాట వచ్చింది. సంస్థ వెలిసింది. సొంతంగా పైసా వసూలు చేసే అధికారం, ఎవరి వాటా ఎంతో తేల్చే అధికారం లేని సంస్థ మాట ఎవరు వింటారు? పెళ్లికి పెద్దగా పిలిచి కట్నం మాట వచ్చినప్పుడు బయట కూర్చోబెట్టినట్టయింది దాని పని.

పల్లె పన్ను పట్నం పద్దులో

ఈ తగాదా పట్నం వారిది, మనకెందుకు అనుకునే కాలం పోయింది. 2024 సెప్టెంబరులో బాహ్యవలయ రహదారి చుట్టుపక్కల ఉన్న 51 గ్రామ పంచాయతీలను దగ్గరి పురపాలక సంఘాల్లో కలిపారు. 2025 డిసెంబరులో 27 పురపాలక సంస్థలనే మహానగర పాలక సంస్థలోకి తెచ్చారు. శంషాబాదు, తుక్కుగూడ, జల్‌పల్లి, బడంగ్‌పేట, తుర్కయంజాల్, ఆదిభట్ల వాటిలో ఉన్నాయి. నిన్నటి దాకా పంచాయతీ బిల్లు కలెక్టరుకు ఇంటి పన్ను కట్టిన వారు మహానగరం పద్దులో చేరారు. రేపు ఆ నగరాన్ని ఎన్ని ముక్కలుగా పాలించినా, ఏ పేరు పెట్టినా, 2018 నాటి బాండ్ల తరహా అప్పులకు వాయిదాలు కట్టేవారిలో మన ఊళ్లూ ఉంటాయి.

అలాంటప్పుడు మన ఊళ్ల కౌన్సిలర్లు, కార్పొరేటర్లు అడగాల్సింది వీధి దీపాలు, మురుగు కాలువలు మాత్రమే కాదు. బస్సుల లోటులో కార్పొరేషను ఏటా ఎంత శాతం ఇస్తుందో బడ్జెట్టులో పేరు పెట్టి రాయించాలి. మిగులుంటే ఇస్తామన్న మాట మీద బస్సు నడవదు. ఉందానగర్ రైలుకు శంషాబాదు బస్సులు అందేలా వేళలు కలపమని అడగాలి, దానికి కోట్లు అక్కరలేదు. చాంద్రాయణగుట్టలో మెట్రో స్టేషను కట్టేటప్పుడే శ్రీశైలం రోడ్డు బస్సులు ఆగే జాగా పక్కనే సేకరించమని అడగాలి. తర్వాత సేకరిస్తే గజం 81,000 దగ్గర ఆగదు.

ఒక వాటాదారు మాత్రం ఎవరూ నోటీసు ఇవ్వకుండానే కడుతున్నాడు. 2022 ఏప్రిల్ నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ టికెట్టు మీద రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్ మీద అయిదు రూపాయలు డీజిలు సెస్సు వేశారు. 2025 అక్టోబరు 6 నుంచి నగర బస్సుల్లో మొదటి మూడు స్టేజీల దాకా అయిదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు అదనంగా పెంచారు. కొత్తగా వచ్చే విద్యుత్ బస్సులకు డిపోలు, ఛార్జింగు స్టేషన్లు కట్టడానికి 392 కోట్లు కావాలని, అందుకే ఈ పెంపని ఆర్.టి.సి. చెప్పింది. చాంద్రాయణగుట్టలో సిటీ బస్సు మారి అఫ్జల్‌గంజ్ పోయే మగవారు ఆ డబ్బు చిల్లరగా ఇస్తున్నారు. ఈ పద్దులో బకాయి లేదు, కోర్టు వ్యాజ్యమూ లేదు. కండక్టరు టికెట్టు చించినప్పుడే వసూలైపోతోంది.